ఇరవై ఒక్క నెలల ఎం.ఎ.

ఆ సోమవారం ఉదయం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు దస్తగిరమ్మ వయసు ఇరవై ఆరేళ్ళ నాలుగు నెలలు. మధ్యాహ్నం భోజనాల వేళకు అది ఏడాది తొమ్మిది నెలలైంది. మధ్యలో ఏ మునీ శపించలేదు, ఆమె ఏ మందూ మింగలేదు. జిల్లా ప్రజ్ఞా వికాస మదింపు కేంద్రానికి వెళ్ళి వచ్చింది, అంతే.

దస్తగిరమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. తల్లి హుసేనమ్మది పరుపులు కుట్టే అంగడి. ఆ అంగట్లో దూది కుప్పల మధ్య పెరిగిన పిల్ల కావడంతో, దూదిపింజను వేళ్ళ మధ్య నలిపి అది కొత్త దూదో, పాత పరుపు విప్పి మళ్ళీ ఏకిన దూదో ఇట్టే చెప్పేస్తుంది. బ్రెయిలీలో చదువుకుని చరిత్రలో ఎం.ఎ. మొదటి తరగతిలో పాసైంది. ఆ పైన బి.ఎడ్. చేసి, పోటీ పరీక్ష రాసి, అంధ బాలికల పాఠశాలలో టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. ముప్పయ్యో తేదీ లోపల చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. చేరాలంటే ప్రజ్ఞా ధ్రువపత్రం కావాలి. అంధుల బడుల్లో చదివేవాళ్ళకూ, చదువు చెప్పేవాళ్ళకూ బుద్ధి ఎంత వికసించిందో కొలిచి తీరాలని ఆ మధ్యే పైనుంచి ఉత్తర్వు దిగింది. కొలవడంలో తప్పేమీ లేదు. టేపు ఏది పట్టుకున్నారన్నదే చూసుకోవాలి.

టేపు పట్టుకున్నది మదింపు అధికారి పరాంకుశం గారు. ఆయన చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, గొంతు పెంచడు, పదిన్నరకు రావలసినవాడు పదీ ఇరవైకే వస్తాడు. పరీక్ష పుస్తకంలో ఉన్న మాట ఒక్కటి కూడా పొల్లు పోనివ్వడు. అంత నికార్సయిన మనిషి చేతిలో పడ్డాక ఇక తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

"అభ్యర్థిని ఎదుట మొదటి చిత్రము ఉంచబడినది. అందు ఏమి లోపించినదో ఇరవై సెకన్లలో తెలుపవలెను" అని ఆయన పుస్తకంలోంచి చదివారు.

"నాకు కనపడదు సార్" అంది దస్తగిరమ్మ.

"ఆ విషయము మీ దరఖాస్తు మొదటి పుటలోనే నమోదై ఉన్నది. ఇది ప్రజ్ఞకు పరీక్ష గాని నేత్రములకు కాదు. కనుక చూపు సంగతి మా పరిధిలోనికి రాదు."

"పోనీ, బొమ్మలో ఏముండాదో మీరు చెప్పండి సార్. ఏం తక్కువైందో నేను చెప్తాను."

"చెప్పినచో సహాయము చేసినట్లగును. పరీక్ష ప్రామాణికత దెబ్బతినును" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. ఈలోగా ఇరవై సెకన్లు గడిచిపోయాయి. "సమాధానము లేదు. రెండవ చిత్రము."

అలా నలభై బొమ్మలు. నలభై సార్లు దస్తగిరమ్మ ముందు కాగితం పెట్టిన చప్పుడు, నలభై సార్లు తీసిన చప్పుడు. "నాకు కనపడదు సార్" అని ఆమె పదో బొమ్మ దాకా చెప్పింది, తర్వాత విసుగొచ్చి తలూపి ఊరుకుంది. ఇరవయ్యో బొమ్మ దగ్గర, పక్కన కూర్చుని మార్కులు వేస్తున్న గుమాస్తా ఓబులేసు ఉండబట్టలేక "కుర్చీమ్మా అది, కుర్చీ" అని గొణిగాడు. పరాంకుశం గారు ఓబులేసుకు మెమో ఇస్తానని మెల్లగా, మర్యాదగా చెప్పారు.

తర్వాత మాటల భాగం. తొమ్మిది అంకెలు చెప్పి వెనకనుంచి అప్పజెప్పమంటే గడగడా అప్పజెప్పింది. లెక్కలు నోటితోనే చేసేసింది. అడిగిన ముప్పై ప్రశ్నలకూ ముప్పై జవాబులు చెప్పింది. ఓబులేసు హమ్మయ్య అనుకున్నాడు. కానీ పుస్తకంలో అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. బొమ్మల భాగంలో కనీస మార్కులు రానివారి మాటల భాగాన్ని లెక్కలోకి తీసుకోరాదట.

చివరగా చెక్కలు. వాటి వైపులు కొన్ని ఎర్రగా, కొన్ని తెల్లగా ఉంటాయి, కాగితం మీద నమూనా చూసి అచ్చం అలాగే పేర్చాలి. దస్తగిరమ్మ చెక్కలన్నీ ఒకసారి తడిమింది.

"సార్, పదహారు చెక్కలని చదివినారు గదా. ఇక్కడ పదహైదే ఉండాయి."

"అసంభవము" అన్నారు పరాంకుశం గారు. ఓబులేసు లెక్కపెట్టాడు. పదిహేనే ఉన్నాయి. పరాంకుశం గారు తనే మళ్ళీ లెక్కపెట్టారు. పదహారు చెక్కలూ కావలసింది తొమ్మిదో నమూనా ఒక్కదానికే. రెండేళ్ళుగా ఆ తొమ్మిదో నమూనా దగ్గర జిల్లాలో ప్రతివాడూ తప్పుతూ వస్తున్నాడు. ఈ జిల్లా జనానికి తొమ్మిదో నమూనా దగ్గర బుద్ధి మందగిస్తోందనీ, నీళ్ళలో ఏదో దోషం ఉండవచ్చుననీ పరాంకుశం గారే పైకి నివేదిక పంపారు. రెండు సీసాల్లో నీళ్ళు కూడా పంపారు.

"అడగని విషయము తెలిపినందుకు మార్కులు లేవు" అన్నారాయన కాస్త తగ్గిన గొంతుతో.

దస్తగిరమ్మకు ఒళ్ళు మండింది. మండి, చేతికి ఏదో ఒక పని ఉండాలని, ఆ చెక్కల్ని ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చింది. ఆ కోపమే ఆమెను కొంత కాపాడింది. పరాంకుశం గారు పుస్తకం వెనక పట్టికలు తిరగేసి, ఫలితం చదివి వినిపించారు.

"పిలిచిన పలుకును. వస్తువును చేత పట్టుకొనును. నాలుగుకు మించి చెక్కలను ఒకదానిపై నొకటి పేర్చును. ఆరుకు మించి మాటలు పలుకును. మానసిక వయస్సు: ఒక సంవత్సరము తొమ్మిది మాసములు."

"సార్, నేను ఎం.ఎ. పాసయినాను" అంది దస్తగిరమ్మ.

పరాంకుశం గారు ఆశ్చర్యపోయారు. ఆమె సర్టిఫికెట్లు తీసి, ఒకటికి రెండుసార్లు చూశారు. "ఇరవై ఒక్క మాసముల ప్రాయమున ఎం.ఎ.! అదియును మొదటి తరగతిలో! ఇది మిక్కిలి అరుదైన ప్రతిభ. వ్యక్తిగతముగా అభినందించుచున్నాను. ధ్రువపత్రము మాత్రము మారదు."

ముట్టినట్టు సంతకం చెయ్యడానికి ఆమె కలం తీసుకుంటే ఆయన వారించారు. మైనరు సంతకం చెల్లదు. బయట బెంచీ మీద అన్నం క్యారియరు పట్టుకుని కూర్చున్న హుసేనమ్మను లోపలికి పిలిపించి, సంరక్షకురాలి గడిలో సంతకం చేయించుకున్నారు.

"ఏందమ్మే, పాసయినావా?" అని మెట్లు దిగుతూ అడిగింది హుసేనమ్మ.

"నా వయసు తగ్గించినారుమా. నాకు రెండేండ్లు గూడ నిండలేదంట."

హుసేనమ్మ నాలుగు మెట్లు దిగేదాకా ఆలోచించింది. "అట్లయితే బస్సులో నీకు టికెట్టు అక్కర్లేదు గదా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. బస్సెక్కాక మాత్రం దస్తగిరమ్మ నవ్వలేదు. కిటికీ చువ్వ పట్టుకుని తేదీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఆ రోజు నాలుగో తేదీ.

మూడేళ్ళలోపు పిల్లల పేర్లు కంప్యూటర్లో పడితే, అవి వాటంతటవే ఆ వీధి అంగన్‌వాడీకి పోతాయి. గురువారం పొద్దున అంగన్‌వాడీ టీచరు లింగమ్మ పుస్తకం చంకన పెట్టుకుని అంగటి ముందు నిలబడింది.

"హుసేనక్కా, మీ ఇంట్లో ఇరవై ఒక్క నెలల పాప ఉండాదని పేరొచ్చింది. నాకు తెలియకుండా ఎప్పుడు పుట్టిందక్కా?"

"అద్దో, దిండు కుడతాండాది చూడు" అంది హుసేనమ్మ.

లింగమ్మ చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో పుట్టిన ప్రతి పిల్లనూ ఎత్తుకున్న మనిషి ఆమె, ఇరవై ఆరేళ్ళ కిందట ఈ పిల్లను కూడా ఎత్తుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక గడప మీద కూలబడింది. కానీ పేరు వచ్చాక బరువు రాయాలి. పిల్లల్ని ఉయ్యాల గుడ్డలో వేసి తూచే తక్కెడకు ఈ పాప వేలాడదు కదా. అంగట్లో దూది బేళ్ళు తూచే కాటా మీద నిలబెట్టారు. యాభై రెండు కిలోలు.

"గీత కాగితం దాటి గోడమీదికి పోతాందక్కా" అంది లింగమ్మ, పెరుగుదల పట్టిక పట్టుకుని. చివరికి "పాప బొద్దుగా ఉంది" అని రాసి సంతకం చేసింది.

దస్తగిరమ్మ అంగన్‌వాడీకి పోనవసరం లేదనే అనుకుంది. కానీ ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, మళ్ళీ పరీక్ష పెట్టాలంటే ఆరు నెలలు ఆగాలి. ఆగకుండా పెట్టాలంటే, బిడ్డలో ఎదుగుదల కనిపిస్తోందని అంగన్‌వాడీ నుంచి వారం వారం నివేదిక పోవాలి. కాబట్టి పోయింది. పద్దెనిమిది మంది పిల్లలు, పంతొమ్మిదో పాప దస్తగిరమ్మ. ఉడికిన గుడ్డు చేతిలో పెడితే పక్కపిల్లకు వలిచి తినిపించేది. రాజుల కథలు, కోటల కథలు చెప్పేది. పిల్లలకు ఈ పెద్ద పాప తెగ నచ్చింది. కళ్ళు మూసుకుని గింజ తడిమి అది శనగో కందో చెప్పే ఆట వాళ్ళకు నేర్పింది. లింగమ్మ ఉన్నదున్నట్టు నివేదిక రాసింది: "పాప అందరితో కలుస్తుంది. కథలు చెప్పించుకోదు, చెబుతుంది. నా రిజిస్టరులో కూడిక తప్పు పోతే దిద్దింది."

వీధిలో అందరూ నవ్వుతున్నారు, దస్తగిరమ్మా వాళ్ళతో కలిసి నవ్వేది. మధ్యాహ్నం పిల్లలు చాపల మీద నిద్రపోయాక మాత్రం ఆమెకు భయం వేసేది. పంతొమ్మిదేళ్ళు చదివింది. ఒక్కో పుస్తకం ఎవరి చేతనో చదివించుకుని, చుక్క చుక్కా తానే పొడిచి రాసుకుని చదివింది. అదంతా కలిపి ఇరవై ఒక్క నెలలేనని ఒక కాగితం చెబుతోంది. ఆ కాగితం అబద్ధమని ఊరందరికీ తెలుసు. ముప్పయ్యో తేదీకి మాత్రం తెలియదు.

జిల్లా సంచాలకులు శేషశయనం గారికి ఆమె ఒక అర్జీ టైపు చేసి పంపింది. బొమ్మలు నాకు కనపడవు, నాకు తగిన పరీక్ష పెట్టండి అని రెండు వాక్యాలు. శేషశయనం గారు చలించిపోయారు. "సమాన అవకాశము మా కేంద్రపు ఊపిరి" అని ఆ అర్జీ మీదే రాసి, దృష్టి లోపం కలవారి కోసం పరీక్షకు ప్రత్యేక స్పర్శ సంచిక తయారుచెయ్యమని ఆజ్ఞాపించారు. పది రోజుల్లో తయారైంది. పద్దెనిమిదో తేదీన దస్తగిరమ్మను పిలిచారు.

ఆమె ఆశగా వేళ్ళు చాపింది. నున్నటి ప్లాస్టిక్కు తగిలింది. అవే బొమ్మలు. వాటికి ప్లాస్టిక్కు తొడిగి, పైన మూలన బ్రెయిలీలో నంబరు పొడిచారు.

"ఏడవ చిత్రము" అన్నారు పరాంకుశం గారు.

"అవును సార్, ఏడో చిత్రం అని రాసుండాది."

"భేష్. అందు ఏమి లోపించినది?"

"దాని కింద నున్నగుండాది సార్."

"నున్నగా ఉండుట సమాధానము కాదు" అన్నారాయన. కానీ నలభై నంబర్లు తప్పులేకుండా చదివినందుకు, అంకెలు గుర్తుపట్టే గడి కింద మూడు నెలలు కలిశాయి. దస్తగిరమ్మకు నిండా రెండేళ్ళు వచ్చాయి. రెండు వారాల్లో మూడు నెలలు ఎదగడం శుభసూచకమని, ఈ లెక్కన రెండు మూడేళ్ళలో ఉద్యోగ వయసు వస్తుందని ఆయన ధైర్యం చెప్పారు.

లేచి పోబోతూ ఆమె ఒక్క మాట అడిగింది. "సార్, ఈ కొత్త సంచికలో మామూలు మనిషికి ఎన్ని మార్కులొస్తాయి?"

"అనగా?"

"నేను తక్కువంటాండారు గదా. ఎవరికన్నా తక్కువ?"

పరాంకుశం గారి చేతిలోంచి కలం జారి బల్ల మీద దొర్లింది. ఏ పరీక్షకైనా సగటు కట్టందే మార్కులకు అర్థం లేదని ఆయన కాలేజీలో మొదటి వారమే నేర్చుకున్నారు. స్పర్శ సంచికకు సగటు లేదు. ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు శేషశయనం గారి ముందు పుస్తకం తెరిచి పెట్టి, ఈ లోపం పూరించక తప్పదని ప్రాధేయపడ్డారు.

శేషశయనం గారు వెంటనే ఒప్పుకున్నారు. "ప్రజ్ఞ విషయమై సందేహమునకు తావులేని పన్నెండుమంది వ్యక్తులపై ఈ సంచికను ప్రయోగించి సగటు నిర్ధారించవలెను" అన్నారు. అలాంటి పన్నెండుమంది ఎక్కడ దొరుకుతారని వెతకనవసరం లేకపోయింది. ఆ భవనంలో సరిగ్గా పన్నెండుమంది గెజిటెడ్ అధికారులున్నారు. స్పర్శ సంచిక కాబట్టి వాళ్ళ కళ్ళకు గంతలు కట్టాలని పరాంకుశం గారు పట్టుబట్టారు. గంతలు హుసేనమ్మ అంగట్లోనే కుట్టించారు.

"కొత్త దూది కూరినాను సార్. వెల్తురు రోంత గూడ దూరదు" అని ఆమె హామీ ఇచ్చింది.

ఇరవై ఆరో తేదీన పరీక్ష జరిగింది. అధికారుల్లో బ్రెయిలీ వచ్చినవాళ్ళు లేరు కాబట్టి, నంబర్లు సరిచూడటానికి దస్తగిరమ్మనే కూర్చోబెట్టారు. జరిగినవన్నీ ఆమెకు వినపడ్డాయి. కుర్చీలు గుద్దుకున్నాయి. ఒకాయన నీళ్ళ గ్లాసు ఎవరి ఒళ్ళోనో ఒంపాడు. ఇంకొకాయన ప్లాస్టిక్కు బొమ్మను గీకి, వాసన చూసి, "ఈ విషయమై ఉన్నతస్థాయిలో చర్చించవలసి ఉన్నది" అన్నాడు. శేషశయనం గారు కార్డును తలకిందులుగా పట్టుకుని, "కుర్చీ అయి ఉండవచ్చును. లేదా ఏనుగు" అన్నారు.

"నున్నగా ఉండాది కదా సార్?" అని దస్తగిరమ్మ మెల్లగా అడిగింది.

"చాలా నున్నగా ఉన్నది తల్లీ" అన్నారాయన దీనంగా.

పద్ధతి ప్రకారం పేరు పెట్టి, గౌరవ వాచకాలు లేకుండా పిలవాలి. "శేషశయనం!" అని పిలిచారు పరాంకుశం గారు. తన కింది ఉద్యోగి ఏకవచనంలో పిలిచేసరికి శేషశయనం గారు బిగుసుకుపోయి ఊరుకున్నారు. 'పిలిచిన పలుకడు' అని నమోదైంది. చెక్కలు ఇస్తే రెండు పేర్చారు, మూడోది పెట్టబోతే అన్నీ కింద పడి బీరువా వైపు దొర్లాయి. ఆయన గంతలతోనే నేల మీదికి దిగి, చేతులూ మోకాళ్ళ మీద వాటి వెంట పోయారు. బీరువా కింద చెయ్యి పెట్టి, "దొరికినది!" అని కేక వేశారు. ఆయన చేతిలో ఉన్నది దుమ్ము పట్టిన పదహారో చెక్క. రెండేళ్ళ తర్వాత అది దొరకడం ఆ కేంద్ర చరిత్రలో పెద్ద విజయమే, కానీ అడగని దానికి మార్కులు లేవు. మార్కు మాత్రం ఇంకొక దానికి వచ్చింది. 'పాకును' అని రాశారు. మానసిక వయస్సు: తొమ్మిది మాసములు.

చివరగా పరాంకుశం గారు, తానూ గెజిటెడే కనుక, గంతలు కట్టుకుని తనకు తానే పరీక్ష పెట్టుకున్నారు. "పరాంకుశం!" అని తనే పిలిచి, "ఆఁ" అని తనే పలికారు. అందరికంటే ఎక్కువ మార్కులు ఆయనకే వచ్చాయి. ఏడాది ఒక నెల.

పన్నెండుమంది సగటు పదకొండు నెలలు. ఆ రాత్రికి రాత్రే కంప్యూటర్ తన పని తాను చేసుకుపోయి, ఆ పన్నెండు పేర్లనూ స్పర్శ సంచిక మొదట రాసిన దస్తగిరమ్మ వీధి లెక్కలోనే వేసింది. తెల్లారి కార్యాలయం తెరిచేసరికి గుమ్మంలో లింగమ్మ నిలబడి ఉంది, చేతిలో పన్నెండు పేర్ల జాబితా.

"శేషశయనం అనే బాబు ఎవురండీ? తొమ్మిది నెలలంట. టీకాలేమన్నా బాకీ ఉండాయా?"

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి వచ్చింది. మైనర్ల సంతకాలు చెల్లవు. ఆ భవనంలో పన్నెండుమందీ సెలవు చీటీ మీద సైతం సంతకం పెట్టలేకపోయారు. ఆ పరీక్ష రద్దు చేద్దామంటే రద్దు ఉత్తర్వు మీద సంతకం పెట్టేవాడు లేడు. వయసును బట్టి చూస్తే, ధ్రువపత్రం సంగతి కనుక్కోవడానికి వచ్చిన రెండేళ్ళ దస్తగిరమ్మే అక్కడ అందరికంటే పెద్దది. అధికారులు అసంకల్పితంగానే ఆమె లోపలికి రాగానే లేచి నిలబడటం మొదలుపెట్టారు.

పరాంకుశం గారు మాత్రం ఇవేమీ పట్టకుండా లెక్క కడుతూ కూర్చున్నారు. సగటు పదకొండు నెలలు, దస్తగిరమ్మవి ఇరవై నాలుగు. సగటుకు రెండింతలు దాటింది. పట్టికలో ఆ గడికి ఎదురుగా 'అసాధారణ ప్రజ్ఞ, వయోపరిమితి వర్తించదు' అని ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కట్టారు. మళ్ళీ అదే వచ్చింది. అదే వచ్చాక ధ్రువపత్రం ఇవ్వక తప్పదు, ఆయన అంత నికార్సయిన మనిషి.

కానీ ధ్రువపత్రం మీద ముగ్గురు అధికారుల సంతకాలుండాలి. మైనర్లు కాబట్టి పక్కన సంరక్షకుల సంతకాలు కావాలి. ఇరవై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం అధికారుల భార్యలు వచ్చారు. శేషశయనం గారి భార్య కాగితం రెండు వైపులా చదివి, "తొమ్మిది నెలలా! ముప్పై ఏండ్లుగా నేను చెప్తానే ఉండాను, ఎవరూ రాసియ్యలేదు" అని సంతోషంగా సంతకం చేసింది. పరాంకుశం గారికి పెళ్ళి కాలేదు, తల్లిదండ్రులు లేరు. అలాంటి బిడ్డకు పేరు పడ్డ వీధి అంగన్‌వాడీ టీచరే దిక్కు. లింగమ్మ సంతకం చేసి, ఆయన చేతిలో ఒక ఉడికిన గుడ్డు పెట్టి వెళ్ళింది.

ముప్పయ్యో తేదీ ఉదయం దస్తగిరమ్మ బడిలో చేరింది. హాజరు పుస్తకంలో చోటు తడిమి చూసుకుని సంతకం చేసింది. హుసేనమ్మ వరండాలో నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే ప్రధానోపాధ్యాయిని ఆమె బల్ల మీద ఒక బరువైన పెట్టె పెట్టించింది. ఉత్తర్వు ప్రకారం కొత్తగా చేరే పిల్లలకు ప్రజ్ఞా పరీక్ష పెట్టాలి, పెట్టవలసింది కొత్తగా చేరిన టీచరే. ఐదేళ్ళ మానసిక వయసు రాని పిల్లలను తిరిగి ఇంటికి పంపించెయ్యాలి. దస్తగిరమ్మ మూత తీసింది. నున్నటి ప్లాస్టిక్కు తగిలింది. సూచనల పుస్తకాన్ని మాత్రం ఎవరో పుణ్యాత్ములు పూర్తిగా బ్రెయిలీలో పొడిపించారు. చూపించేవాళ్ళకూ, చూడవలసినవాళ్ళకూ సమానంగా కనపడని పరీక్ష కావడంతో శేషశయనం గారు కోరుకున్న సమానత్వం ఇప్పటికి పూర్తిగా సిద్ధించినట్టయింది.

మొదటి పిల్ల పేరు కుళ్ళాయమ్మ. ఆరేళ్ళు. కొండ పక్క పల్లెనుంచి అవ్వ వెంట రెండు బస్సులు మారి వచ్చింది. దాని ఊళ్ళో ఇంకో బడి లేదు. పరీక్షలో తప్పితే సాయంత్రం అవ్వతో అవే బస్సులు ఎక్కాలి. అవ్వ కిటికీ బయట నిలబడి ఊపిరి బిగబట్టిన సంగతి దస్తగిరమ్మకు తెలుస్తూనే ఉంది.

ఆమె మొదటి కార్డు పిల్ల చేతిలో పెట్టింది. వేరే దారి లేదు. "దీంట్లో ఏం తక్కువైందో చెప్పు పాపా" అంది, తన గొంతు తనకే అసహ్యంగా వినపడుతుండగా.

కుళ్ళాయమ్మ కార్డును రెండు అరచేతులతో రుద్దింది. తిప్పి రుద్దింది. బుగ్గకు ఆనించుకుంది. ఇరవై సెకన్లు కూడా తీసుకోలేదు.

"టీచరమ్మా, దీంట్లో బొమ్మే లేదు గదా."

దస్తగిరమ్మ ఆ కార్డు తీసుకుని తనూ రుద్ది చూసింది. మొదటిసారి పరీక్ష పెట్టినప్పుడు తను ఏం చెప్పింది? నాకు కనపడదు సార్, నాకు కనపడదు సార్. ఎం.ఎ. చదివిన తను, లోపం ఏదని అడిగిన ప్రతిసారీ అది తనలో ఉందని చెప్పి వచ్చింది. ఈ ఆరేళ్ళ పిల్ల కార్డు రుద్ది, లోపం కార్డులో ఉందని తేల్చేసింది.  సూచనల పుస్తకం తీసి, మార్కుల పుట వేళ్ళతో చదివింది. 'చిత్రమున లోపించినది సరిగా తెలిపిన ఒక మార్కు.'

ఒక మార్కు వేసింది. రెండో కార్డు ఇచ్చింది. "దీంట్లో గూడ లేదు" అంది కుళ్ళాయమ్మ. నలభై కార్డులకు నలభై మార్కులు. చివరి నాలుగు కార్డుల దగ్గర పిల్లకు జాలేసింది. "ఒక్క దాంట్లో గూడ ఎయ్యలేదా టీచరమ్మా? మర్సిపోయినారేమో" అంది.

నలభైకి నలభై జిల్లాలో ఎవరికీ రాలేదు. వారం తిరక్కుండానే పరాంకుశం గారు తనిఖీకి దిగారు. సంచీ బల్ల మీద పెట్టి, జవాబులు ఒక్కొక్కటీ చదివారు. మొదట ఉలిక్కిపడ్డారు. తర్వాత ఒక కార్డు తీసి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో నెమ్మదిగా రుద్దసాగారు. గంతలు కట్టుకున్నప్పుడు మార్కుల తొందరలో ఆయన సరిగ్గా తడమలేదు. ఇప్పుడు తడిమారు. 

"లోపించినది చిత్రమే" అన్నారు చివరికి. ఆ గొంతులో పుస్తకం లేదు. "సమాధానము సరియైనది. నలభైయును సరియైనవే."

తర్వాత అలవాటు చొప్పున పట్టిక తీశారు. నలభై మార్కులకు ఎదురుగా 'పదునెనిమిది సంవత్సరములు, ఆపైన' అని ఉంది. కుళ్ళాయమ్మ మేజరైంది. బడిలో ఒకటో తరగతిలో చేరడానికి పద్దెనిమిదేళ్ళు ఎక్కువ కాదా అని దస్తగిరమ్మ అడిగింది. ఐదుకు తగ్గరాదని ఉంది గాని పద్దెనిమిదికి మించరాదని ఎక్కడా లేదని ఆయన పుస్తకం చూసి చెప్పారు. తనిఖీ తేలేదాకా బడి వరండాలోనే ఉండిపోయిన అవ్వ కిటికీ బయట ఏడుస్తూ నవ్వింది.

పరాంకుశం గారు ఇంకా కదల్లేదు. సంచీలోంచి ఒక కాగితం తీశారు. గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నా వయస్సు పునరుద్ధరణకు ఒక అర్జీ పెట్టుకొనవలసి ఉన్నది. స్పర్శ సంచిక మదింపులో పదునెనిమిది సంవత్సరములు దాటిన వ్యక్తి దానిపై సంరక్షకునిగా ధ్రువీకరించవలెను. జిల్లా మొత్తము మీద అట్టి వ్యక్తి..." అని ఆగిపోయారు.

దస్తగిరమ్మ నవ్వు ఆపుకుని కుళ్ళాయమ్మను దగ్గరికి పిలిచింది. దాని బొటనవేలికి సిరా రాసి, కాగితం మీద చోటు తడిమి చూపింది. వేలు ఆనించబోతూ కుళ్ళాయమ్మ ఆగింది. సంరక్షకురాలన్నాక అడగవలసింది అడగాలి కదా.

"ఈ సారు మంచోడేనా టీచరమ్మా?"

"మంచోడే పాపా" అంది దస్తగిరమ్మ. "పిలిస్తే పలుకుతాడు. వెయ్యి."